నాలుగో దెబ్బ

డ్రమ్స్ గురించి ఏమీ తెలియనివాళ్ళకు ముందుగా ఒక చిన్న సంగతి చెప్పాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతూ పొండి. మా రకం సంగీతంలో రెండు దగ్గరా నాలుగు దగ్గరా ఎడమచేతి కింద ఉండే డ్రమ్ము మీద ఫట్‌మని దెబ్బ పడాలి. అందరూ అలాగే వాయిస్తారు. నేను మాత్రం రెండు దగ్గర కొట్టి, నాలుగు దగ్గర చెయ్యెత్తి ఊరుకుంటాను. ఆ ఖాళీయే నాకు గుర్తింపై కూర్చుంది. కాలేజీ పిల్లలు దాన్ని నేర్చుకుని వీడియోలు పెట్టుకుంటారు. మా గురించి రాసేవాళ్ళు అదొక శైలి అంటారు, నిగ్రహం అంటారు, ఇంకా నాకు అర్థం కాని మాటలేవో అంటారు. చదివినప్పుడల్లా నవ్వొస్తుంది. అందులో శైలీ లేదు, నా మొహమూ లేదు. నాలుగో దెబ్బ కొట్టడం నా పని కాదు, అంతే. అది గోడవతల మనిషి పని.

మేము ముగ్గురం. పాడుతూ గిటారు వాయించేవాడొకడు, బేస్ గిటారు వాడొకడు, నేను. కాలేజీలో మొదలుపెట్టి, జుట్టు పలచబడేదాకా కలిసే ఉన్నాం. వాళ్ళిద్దరి ఇళ్ళలో తమిళం, మా ఇంట్లో చింతాద్రిపేట తెలుగు. మా ముగ్గురి మధ్య తమిళం, పాటల్లో ఇంగ్లీషు. సినిమాలకు వాయించలేదు, పెళ్ళిళ్ళకు వాయించలేదు, మా పాటలు మేమే రాసుకుని మేమే వాయించుకున్నాం. అయినా ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో పిలిచి వేదిక ఎక్కించారు. మా పాటల మాటలు మాకంటే బాగా గుర్తున్నవాళ్ళు కూడా కొంతమంది ఉన్నారు.

అయితే పోయిన రెండు ఆల్బములూ ఒకరి మొహం ఒకరు చూడకుండా చేశాం. ఎవరింట్లో వాళ్ళు వాయించి, కంప్యూటర్లో పంపుకుని, ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నాం. అవి వచ్చినట్టూ ఎవరికీ తెలియలేదు, పోయినట్టూ తెలియలేదు. ఆ ఉక్రోషం మీదే ఒకరోజు పాడేవాడు అన్నాడు, మళ్ళీ ఆ షెడ్డుకే పోదామని. ముగ్గురం ఒకే గదిలో కూర్చుని, చెవిలో టిక్కుటిక్కుమని లెక్క చెప్పే కంప్యూటర్ తాళం లేకుండా, మొదటి ఆల్బమ్ చేసినట్టే చేద్దామని. వాడికి మాటలతో పని ఎక్కువ, అప్పుడే దానికి మూలాలకు తిరుగు ప్రయాణం అని పేరు కూడా పెట్టేశాడు. మూలాలు అంటే జనం ఏమేమో ఊహించుకుంటారు. మా మూలం ఫ్యాక్టరీలుండే అంబత్తూరు ఎస్టేటులో ఆస్‌బెస్టాస్ రేకుల కింద ఒక ఇరుకు షెడ్డు. బేస్ వాడి మేనమామది. ఆయన పాత సామాను పడేసుకోగా మిగిలిన చోట్లో మేము వాయించుకునేవాళ్ళం.

ఆ మాట వినగానే నాకు ఎంత సంతోషమైందో వాళ్ళకు చెప్పలేదు. చెప్పడానికి నాకు సిగ్గు. పెళ్ళి నేను చేసుకోలేదు. అమ్మా నాన్నా పోయి చాలాకాలమైంది. టి. నగర్‌లో పిల్లలకు డ్రమ్స్ నేర్పి, చీకటి పడేవేళకు చింతాద్రిపేట ఇంటికి వచ్చి తాళం తీస్తే, పొద్దున నేను కుర్చీ మీద పడేసిన తువ్వాలు అక్కడే ఉంటుంది. తెలుగులో మాట్లాడి ఎన్నాళ్ళయిందో అని అప్పుడప్పుడు అనిపిస్తుంది. అలాంటివాడికి మళ్ళీ ఆ షెడ్డు, ఆ గోడ అంటే, ఎవరో నా కోసం కనిపెట్టుకుని ఉన్నారన్నట్టు అనిపించింది.

ఆ గోడ సంగతి చెప్తాను. షెడ్డుకు అవతలిపక్క వేరే వాళ్ళ ప్రెస్సు షాపు ఉండేది. స్విచ్ బోర్డులకు రేకు డబ్బాలు కొట్టేవాళ్ళు. రేకు ముక్క పెట్టి కాలితో పెడల్ నొక్కితే పైనుంచి అచ్చు దబ్‌మని దిగుతుంది. మేము సాయంత్రాలు వెళ్ళేసరికి అక్కడ రెండో షిఫ్టు. మధ్యలో ఒంటి ఇటుక గోడ. ఆ దెబ్బ మా గదిలో నేల మీదికి వచ్చేది, కుర్చీలోకి వచ్చేది, పళ్ళలోకి వచ్చేది. మొదట్లో తల ప్రాణం తోకకు వచ్చింది. దాన్ని తప్పించుకుని వాయించలేక, చివరికి దానికే లొంగిపోయాం. దానితోపాటు వాయించడం మొదలుపెట్టాం. ప్రెస్సు పడే చోటు నాలుగు అనుకున్నాం. అక్కడ నేను కొడితే రెండు దెబ్బలు కలిసి గందరగోళం అవుతోందని, నేను మానేశాను.

అది మిషను దెబ్బే అయినా, కొట్టేది మనిషని నాకు త్వరలోనే తెలిసిపోయింది. నెలాఖర్లో ఆర్డర్లు ఎక్కువైతే అది వడివడిగా పడేది. మా మొదటి ఆల్బమ్‌లో అన్నిటికన్నా వేగమైన పాట అలా పుట్టిందే. ఒక వారం వేరే ఎవరో కూర్చున్నారు, ఆ వారం మా పాటలన్నీ కుంటుపడ్డాయి. తర్వాత సోమవారం మళ్ళీ ఆ పాత దెబ్బ వినపడగానే నేను పైకే నవ్వాను. మేము తొందరపడితే అది తొందరపడేది కాదు, మమ్మల్ని మెల్లగా వెనక్కి లాగేది. ఒక్కోసారి మా పాట అయిపోయిన క్షణంలోనే అదీ ఆగేది. అవతల ఒక అన్న ఉన్నాడు, వింటున్నాడు, నాతో కలిసి వాయిస్తున్నాడు అనుకున్నాను. మొదటి ఆల్బమ్ సీడీ వచ్చినప్పుడు, ప్రెస్సు కొట్టే ఆయనకు ఇవ్వమని ఆ షాపు వాచ్‌మన్ చేతిలో ఒకటి పెట్టాను. లోపలికి వెళ్ళి చూడలేదు. చూస్తే ఏం మాట్లాడాలో తెలియదు. పైగా మావాళ్ళిద్దరూ ఏడిపించి చంపేవాళ్ళు.

తర్వాత మాకు కాస్త పేరొచ్చింది, షెడ్డు వదిలేశాం. వేదికల మీద చెవిలో కంప్యూటర్ తాళం టిక్కుటిక్కుమంటూ ఉండేది. నేను మాత్రం నాలుగు దగ్గర ఆగుతూనే వచ్చాను. ఏ ఊళ్ళో వాయించినా ఆ ఖాళీ దగ్గర ఆ అన్నను తలుచుకునేవాణ్ణి. ఇది ఎవరికీ చెప్పుకునే సంగతి కాదు గానీ, ఇన్నేళ్ళలో నాకు బాగా దగ్గరి మనిషి ఎవరంటే ఆయనే.

మళ్ళీ షెడ్డుకు వెళ్ళేసరికి ప్రెస్సు షాపు లేదు. అవతల పార్సిళ్ళ గోడౌను. రోజంతా అట్టపెట్టెలకు టేపు లాగే చప్పుడు, కర్రుమని ఒకసారి, కాసేపటికి మళ్ళీ రెండుసార్లు, దానికొక లెక్కాపత్రం లేదు. ఎన్నాళ్ళయిందో కదా, ఉండదని నాకూ తెలుసు. అయినా కుర్చీలో కూర్చుని మొదటి పాట ఎత్తుకుని, నాలుగు దగ్గర చెయ్యెత్తి ఆగినప్పుడు, మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టయింది.

ఆ రోజూ మర్నాడూ ఏ పాటా నిలబడలేదు. చెవిలో తాళం లేదు, గోడవతల ప్రెస్సు లేదు. నా ఖాళీ ఒకసారి సాగుతుంది, ఒకసారి కుంచించుకుపోతుంది. గిటారు వాడు ముందుకు పోతాడు, బేస్ వాడు నన్ను చూస్తాడు, నేను నేల చూస్తాను. పాత రోజుల్లో లాగే చేద్దామని వచ్చాం గానీ, నా చప్పుడు వాళ్ళ మైకుల్లో పడకూడదని గిటార్ల స్పీకర్ పెట్టెలను పక్క గదిలో పెట్టి దుప్పట్లు కప్పారు. ముగ్గురం ఒకరినొకరం హెడ్‌ఫోన్లలోనే వింటున్నాం. రికార్డింగ్ చూసే అమ్మాయి మంచిది. ఎక్కడో వెతికి ప్రెస్సు చప్పుడు తెచ్చి, నా ఖాళీల్లో పెట్టి వినిపించింది. అది తూకం వేసినట్టు సరిగ్గా పడుతోంది. నాకు చిరాకేసింది. ఈ దెబ్బ ఎవరిది అని అడిగాను. ఆమెకు నా ప్రశ్న అర్థం కాలేదు, కాకపోవడం న్యాయమే.

రెండో రోజు సాయంత్రం, పాడేవాడు నా పక్కన కూర్చుని, నా భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు. వాడు చెయ్యి వేశాడంటేనే నాకు అర్థమైపోయింది. ఆదివారం ఒక్కసారి చూద్దాం, కుదరకపోతే డ్రమ్స్ కంప్యూటర్‌తో చేయించేద్దాం, ఆ అమ్మాయి నీ పద్ధతిలోనే పెడుతుంది, వినేవాళ్ళకు తేడా తెలియదు అన్నాడు. వినేవాళ్ళకు తెలియదనే మాటే నాకు ఎక్కువ మండించింది. సరే అన్నాను. ఇంకేమనాలి? ఈ ఆల్బమ్‌లో నేను లేకపోతే ఇక ఎందులోనూ ఉండనని మా ఇద్దరికీ తెలుసు.

మర్నాడు షెడ్డుకు పోకుండా ఎస్టేటు మలుపులో టీకొట్టుకు పోయాను. పాత కొట్టే, పాత మనిషే. ప్రెస్సు షాపులో సాయంత్రం షిఫ్టు చేసిన ఆయన ఎక్కడుంటాడని అడిగాను. ఆయన కాదు, ఆమె అన్నాడు టీకొట్టతను. సాయంత్రం షిఫ్టులో ఆ ప్రెస్సు మీద ఎప్పుడూ ఆవిడేనట, తెలుగావిడట. షాపు ఎత్తేశాక ఇంట్లోనే పూలు కట్టి ఇస్తోందట. ఎస్టేటు వెనక వీధిలో మూడంతస్తుల ఇళ్ళు చూపించాడు. ఇన్నేళ్ళుగా మనసులో అన్నా అన్నా అని పిలుచుకున్నాను.

ఆమె తలుపు తీసే ఉంది. గడప దగ్గర కూర్చుని మల్లెపూలు కడుతోంది. నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. నేను చెప్పింది మొదట వినపడలేదు. గట్టిగా, మళ్ళీ చెప్పాను.

"పక్క షెడ్డులో డ్రమ్స్ వాయిస్తా ఉన్నది నేనే అక్కా. గోడకి ఇవతల."

ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"ఓ, ఆ గోల నీదేనా. రా, ఇట్టా కూర్చో. తెలుగోడివా నువ్వు? ఎవరో అరవ పిల్లకాయలనుకుంటి."

కూర్చున్నాను. కాఫీ ఇచ్చింది. నా నోట్లో తెలుగు తుప్పు పట్టి ఉంది, అయినా చెప్పుకుపోయాను. ఆమె దెబ్బతో కలిసి మేము వాయించడం, నాలుగు దగ్గర నేను ఆగడం, నేను తొందరపడితే ఆమె నన్ను నిదానంగా పట్టుకోవడం, పాట అయిపోగానే ఆమె కూడా ఆపడం. నాతో కలిసి వాయిస్తున్నారనుకున్నానక్కా అన్నాను.

ఆమె పూలదారం ఒళ్ళో పెట్టి నవ్వింది. అందులో వెటకారం లేదు.

"నీతోనా? నీ నుంచి తప్పించుకోడానికి కదప్పా నేను పడిన పాట్లు. మీ గోల మొదలైతే నాకు బయం పుట్టేది. నా కాలు నీ దెబ్బతో పోయేది. కాలు ముందర పోతే చెయ్యి ఇంకా లోపలనే ఉంటుంది. నాకు ముందు ఆ మిషను మీద కూర్చున్నోళ్ళు చెయ్యి పోగొట్టుకున్నారు తెలుసా?"

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

"దీపాలకి వత్తులు చేస్తాం చూడు, ఆ దూది తీసుకపోయి చెవుల్లో కుక్కుకుంటా ఉన్నాను. ప్రెస్సు గోలకి కాదు, అది నాకు అలవాటే. మీకోసరం."

"మరి ఆ లెక్క ఎట్లా నిలిచిందక్కా? ఎప్పుడూ తప్పలేదే."

"ఏం లెక్క? ఒక ఊపిరికి ఒక ముక్క. రేకు పెట్టేటప్పుడు లోపలికి పీలుస్తాను, చెయ్యి ఎనక్కి తీసి కాలు నొక్కేటప్పుడు వదుల్తాను. అంతే."

"పాట అయిపోయినప్పుడు ఆపేవాళ్ళు కదా."

"పెట్టె నిండితే ఆపుతాను. మీ పాట ఎప్పుడు అయిపోయిందో నాకేం తెలుసు? చెవుల్లో దూది కదా."

రెండు చేతులూ చాచి నాకు చూపించింది. వేళ్ళన్నీ ఉన్నాయి. వాటిని చూసుకుంటూ ఆమె ఎంత తృప్తిగా ఉందో చూసి, నేను కూడా సంతోషించాలని గట్టిగా ప్రయత్నించాను. అప్పుడు కిటికీ వైపు చెయ్యి చూపింది. వాచ్‌మన్ ఒక సీడీ ఇచ్చినాడు, మీదేనా అది, ఇంట్లో పాడించేది ఏదీ లేదు, అందుకని ఆడ కట్టినాను అంది. కిటికీ ఊచకు పురికొసతో మా మొదటి ఆల్బమ్ వేలాడుతోంది. పావురాలు రాకుండా. ఎండకు బొమ్మంతా పోయి, గాలికి మెల్లగా తిరుగుతోంది.

లేచి వస్తుంటే గడప దగ్గర ఆపింది.

"ఇట్లాంటిది ఇంకొకటి ఉంటే ఇచ్చి పో. ఇది మసకబారిపోయింది. పావురాలు దీని పక్కనే కూర్చుంటా ఉండాయి."

"కొత్తది వస్తా ఉందక్కా. తెచ్చిస్తాను."

రైలెక్కి ఇంటికొచ్చాను. స్టేషన్‌లో దిగి, కూవం నది పక్కనుంచి నడుస్తుంటే దారి మధ్యలో నవ్వొచ్చింది. నా తోడు అనుకున్న మనిషి నా చప్పుడు వినకూడదని చెవుల్లో దూది కుక్కుకుందని ఎవరికి చెప్తే నమ్ముతారు? చెప్పడానికి మాత్రం ఎవరున్నారు? మావాళ్ళకు చెప్తే రేపటికల్లా అది వేదిక మీద చెప్పుకునే కథ అయిపోతుంది. ఇంటికొచ్చి తాళం తీసి దీపం వేశాను. కుర్చీ మీద తువ్వాలు అక్కడే ఉంది. నేను ఒంటరివాణ్ణని నాకు ముందే తెలుసు. కానీ వాయించేటప్పుడు కాదనుకున్నాను. ఆ సాయంత్రం అది కూడా పోయింది. అన్నం వండుకోలేదు.

ఆదివారం షెడ్డుకు వెళ్ళేముందు దేవుడి గూట్లో వెతికాను. అమ్మ పోయాక దీపం పెట్టడం తగ్గినా, వత్తులకు తెచ్చిన దూది చుట్ట అలాగే ఉంది. కొంచెం చించి జేబులో వేసుకున్నాను.

ముగ్గురం కూర్చున్నాం. అమ్మాయి మైకులు సరిచేసింది. నేను హెడ్‌ఫోన్లు తీసి కింద పెట్టి, దూది ఉండలు చేసి చెవుల్లో కుక్కుకున్నాను. మరి మేము ఎలా వినపడతాం అని పాడేవాడు అడిగినట్టు వాడి పెదాలు చూస్తే తెలిసింది. వినపడరు అన్నాను. నా గొంతు నాకే ఎక్కడో దూరంగా ఉంది. చేత్తో మొదలుపెట్టమని సైగ చేశాను.

ఊపిరి పీల్చాను. ఒకటి, రెండు, మూడు. నాలుగు దగ్గర కొట్టలేదు, వదిలాను. మళ్ళీ పీల్చాను. గిటారు ఎక్కడుందో తెలియదు. వేళ్ళు కదలడం కనపడుతోంది, పాడేవాడి నోరు కదలడం కనపడుతోంది, పాట మాత్రం లేదు. మొదట భయమేసింది. తర్వాత ఇంకెవరి కోసమూ చూడాల్సిన పని లేదని అర్థమయ్యాక భయం తగ్గింది. అటు చూస్తే ఎక్కడ కాలు ముందుకు పోతుందోనని కళ్ళు కూడా మూసుకున్నాను. ఒక ఊపిరి, ఒక ఖాళీ. ఆమె ఏ గదిలో కూర్చుందో, రేకు మీద ఎలా వంగిందో, మేము గోల చేస్తుంటే ఎంత గట్టిగా తన ఊపిరి పట్టుకుందో అప్పుడు తెలిసింది. అంతకాలం ఆమె అక్కడ ఒక్కతే ఉంది. ఇవతల నేనూ ఒక్కణ్ణే.

కళ్ళు తెరిచేసరికి ఇద్దరూ గిటార్లు పక్కన పెట్టి నన్ను చూస్తున్నారు. పాట ఎప్పుడో అయిపోయిందట. నేను వాయిస్తూనే ఉన్నానట. చెయ్యి ఆపి దూది తీశాను. అవతల టేపు చప్పుడు వినపడింది. బేస్ వాడు తడిసిన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ఉక్కగా ఉంది, టీ తాగుదాం అన్నాడు. పాడేవాడు నా భుజం మీద చెయ్యి వెయ్యలేదు. దాంతో నాకు అర్థమైంది, ఆల్బమ్‌లో నేనే ఉంటానని. మిగిలిన పాటలూ అలాగే చేశాం.

ఆ చివర వాళ్ళు ఆపేశాక నేనొక్కణ్ణే వాయించిన ముక్కను తీసెయ్యలేదు. అందులో నాలుగు దగ్గర చెవి పెట్టి వింటే సన్నగా ఊపిరి చప్పుడు ఉంది. అది చెరిపేయాలా అని అమ్మాయి అడిగితే ఉంచమన్నాను.

ఆల్బమ్ వచ్చింది. వచ్చింది అంటే ఫోన్లలో వచ్చింది. మళ్ళీ వెనకటి మనుషులయ్యారని మెచ్చుకుంటూ రాశారు. సీడీలు మాత్రం వెయ్యలేదు. ఒక్కటైనా వేయిద్దాం అంటే పాడేవాడు నవ్వి, ఎవరి కోసం అన్నాడు. ఎలక్ట్రానిక్సు కొట్లుండే రిచీ స్ట్రీట్‌లో కొట్టుకొట్టూ తిరిగితే ఒకాయన అట్టడుగు నుంచి ఖాళీ సీడీ ఒకటి, దుమ్ము దులిపి ఇచ్చాడు. పావురాలకైతే ఖాళీదైనా చాలు, మెరిస్తే చాలు. అయినా ఆయన దగ్గరే కూర్చుని, ఆల్బమ్ మొత్తం దాని మీదికి ఎక్కించాను. ఆ చివరి ముక్క కూడా పూర్తిగా వచ్చిందో లేదో ఒకసారి విని చూసుకుని, అంబత్తూరు రైలెక్కాను.